పొగా, మంచా?

రండి, ఇలా దగ్గరగా జరగండి. ధనుర్మాసం చలి, పైగా మా ఇల్లు కాలవ గట్టునే. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. కొబ్బరి డొక్కలూ ఎండు తాటాకులూ పోగేసి వాకిట్లో చలిమంట వేశాం. మా పెద్దనాన్న పీట వేసుకుని కూర్చున్నారు. పండక్కి హైదరాబాదు నుంచి దిగిన మా అన్నయ్య కొడుకు ఆ పక్కన. వాడి మొహం మీద మంట వెలుగు సగం, ఫోను వెలుగు సగం.

పేచీ ఎక్కడ మొదలైందంటే, వాడు ఫోనులోంచి తలెత్తి, "తాతయ్యా, ప్రపంచంలో రెండో గొప్ప లిపి మన తెలుగేనని యునెస్కో ప్రకటించింది, తెలుసా?" అన్నాడు. పెద్దనాన్న పొంగిపోయారు. నేను ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు. "ఎవరు ప్రకటించారన్నావు? ఎప్పుడు?" అని అడిగాను.

"బాబాయ్, నువ్వు ప్రతిదానికీ అడ్డం పడతావు," అన్నాడు వాడు.

"వీడికి చిన్నప్పట్నుంచీ అదే జబ్బురా," అని పెద్దనాన్న వాడి పక్షం చేరిపోయారు. "ఏమీ లేకుండానే అంతమంది చెప్పుకుంటారా? నిప్పు లేనిదే పొగ రాదు."

ఆ సామెత మీద నాకు పాత కక్ష ఉంది. మీరే గుర్తు తెచ్చుకోండి, అది మన నోట ఎప్పుడొస్తుందో. ఎవరి కాపురం గురించో, ఎవరి ఉద్యోగం ఊడిన వైనం గురించో గుసగుసలు పోతున్నప్పుడు, చేతిలో చూపించడానికి ఏమీ లేనప్పుడు, దాన్ని తీసి వాడతాం. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమనే వాడికి ఈ సామెత గొప్ప అండ.

ముందు ఆ లిపి సంగతి తేల్చేద్దాం. యునెస్కోకి దాంతో ఏ సంబంధమూ లేదు. అలాగని గాలి కబురూ కాదు. 2012 అక్టోబరులో బ్యాంకాక్‌లో లిపుల ఒలింపిక్స్ అని ఒక పోటీ జరిగింది. ఒక్కో దేశం తరఫునా పండితులు వచ్చి తమ లిపి గొప్పదనం చెప్పుకున్నారు. మొదటి బహుమతి కొరియా వాళ్ళ హంగుల్‌కి, రెండోది తెలుగుకి, మూడోది ఇంగ్లీషుకి. ఆ పోటీకి పూనుకుని నడిపించింది కొరియా వాళ్ళే. ఇది చెప్పగానే మావాడి మొహం వాడింది. "మరి మనకి రెండో బహుమతి రావడం నిజమే కదా?" అన్నాడు. నిజమే. పెళ్ళివారు పెట్టిన ముగ్గుల పోటీలో పెళ్ళికూతురి పిన్నికి మొదటి బహుమతి వచ్చిందనుకోండి. రెండో బహుమతి తెచ్చుకున్నావిడ ముగ్గు బావుండకపోదు. కానీ ఆవిడని ప్రపంచం గుర్తించిందని మనం ఊరంతా చాటము. పోటీ ఎవరు పెట్టారు, న్యాయం ఎవరు చెప్పారు అన్నది తెలిశాకే ఆ బహుమతి బరువు తెలుస్తుంది.

ఇంతకీ పొగ సంగతి. ఈ పొగా నిప్పూ వ్యవహారాన్ని మనవాళ్ళు ఊరికే వదల్లేదు. తర్కం నేర్చుకునే పిల్లలకి ఇప్పటికీ మొదట చేతిలో పెట్టే పుస్తకం తర్కసంగ్రహం. పదిహేడో శతాబ్దంలో దాన్ని రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. అందులో అ ఆలు దిద్దించేది ఈ పొగతోనే. కొండ మీద పొగ కనిపిస్తోంది. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పుంటుందని వంటింట్లో రోజూ చూస్తున్నాం. కాబట్టి ఆ కొండ మీద నిప్పుంది. ఇంతవరకూ మా పెద్దనాన్నదే పైచెయ్యి. అయితే తార్కికులు అక్కడ ఆగలేదు. తిప్పి చూశారు. నిప్పున్న ప్రతిచోటా పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ ఏదీ? పొగ రావాలంటే నిప్పుకి తడికట్టె తోడవ్వాలి. ఆ తడికట్టెకి 'ఉపాధి' అని పేరు కూడా పెట్టారు. (మావాడు సరిగ్గా అప్పుడే ఒక పచ్చి కొబ్బరి మట్ట తెచ్చి మంటలో పడేశాడు. కళ్ళు మండి మేం ముగ్గురం లేచి నిలబడ్డాం. శాస్త్రానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి.)

అసలు మెలిక ఇంకోటుంది. కొండ మీద కనిపించేది పొగేనా? ఆవిరో దుమ్మో చూసి పొగ అనుకుంటే, ఆ తర్వాత చేసిన తర్కమంతా ఎంత చక్కగా ఉన్నా బూడిదలో పోసిన పన్నీరే. మా ఊళ్ళో ఈ రోజుల్లో తెల్లవారుజామున వరి కోసేసిన చేల మీద తెల్లగా ఏదో పాకుతూ ఉంటుంది. కొత్తవాళ్ళు చూసి గడ్డి తగలబడిందని కంగారు పడతారు. తీరా చూస్తే మంచు. 'నిప్పు లేనిదే పొగ రాదు' అనేవాళ్ళని నేను అడిగేది ఇంతే: నిప్పు మాట తర్వాత, మీరు చూసింది పొగేనా?

మన తార్కికులు వాదులాడుకోవడాన్నీ మూడు రకాలు చేశారు. నిజం తేల్చుకోవడానికి, ఇద్దరూ ప్రమాణాలు చూపిస్తూ చేసేది వాదం. నెగ్గడమే పని అయితే జల్పం. తనకంటూ ఒక మాట లేకుండా ఎదుటివాడి మాట పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండం. వాదం మన భాషలో మిగిలింది. వితండవాదం అయితే ఇంటింటా మిగిలింది, కూర్చుని చదువుకోమంటే మా పిల్లలు చేసేది అదేనని మా వదిన అంటుంది. మధ్యలో జల్పం ఏమైపోయిందో మరి. సాయంత్రం టీవీ చర్చ పెట్టి చూస్తే ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. ఒకే తెరలో ఆరు గళ్ళు, ఆరు తలలు, ఒకేసారి ఆరు నోళ్ళు.

ఇతరుల మీద ఇంత చెప్తున్నాను కదా, నా సంగతీ చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట ఒక ఉగాది సభలో నన్ను మాట్లాడమన్నారు. నేను మెడలో కండువా సర్దుకుని, "పదిహేనో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన ఇటలీ యాత్రికుడు నికొలో కొంటి తెలుగుని ప్రాచ్య ఇటాలియన్ అని కీర్తించాడు" అన్నాను. చప్పట్లు పడ్డాయి. పడతాయి, ఆ మాటకి ఎక్కడైనా పడతాయి. సభ అయ్యాక వెనక వరసలోంచి ఒక పెద్దాయన మెల్లగా వచ్చారు. ఎక్కడో గ్రంథాలయంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారట. "బావుంది బాబూ. ఆ మాట ఆయన ఏ పుస్తకంలో, ఏ పుటలో అన్నాడో చెబుదూ, రాసుకుంటాను" అని జేబులోంచి చిన్న చీటీ, పెన్సిలూ తీశారు.

ఆ పెన్సిలు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

నాకు తెలీదు. "ఇంటికెళ్ళి చూసి చెప్తానండీ" అన్నాను. ఇంటికొచ్చి చూస్తే, మన పుస్తకాల్లో, ఉపన్యాసాల్లో, సావనీర్లలో ఆ మాట వందసార్లు ఉంది, పుట నంబరు ఒక్కసారీ లేదు. ఒకాయన ఇంకొకాయన్ని చూసి రాశారు, ఆయన మరొకాయన్ని చూసి. నేను వాళ్ళందర్నీ చూసి మైకులో చెప్పాను.

అప్పుడు ఆ కొంటిగారి వెంటపడ్డాను. ఆయన కథ మహా రుచిగా ఉంటుంది. వెనిస్ వర్తకుడు. పాతికేళ్ళు తూర్పు దేశాలు తిరిగాడు, విజయనగరమూ చూశాడు. తిరుగుదారిలో ప్రాణభయంతో మతం మార్చుకోవాల్సొచ్చింది. ఇటలీ చేరాక పోపు దగ్గరికి వెళ్ళి క్షమించమంటే, ప్రాయశ్చిత్తంగా నువ్వు చూసిందంతా ఉన్నదున్నట్టు మా కార్యదర్శికి చెప్పమన్నాడట. ఆ కార్యదర్శి పొజ్జో బ్రాచ్చొలీని, పెద్ద పండితుడు. విని లాటిన్‌లో రాశాడు. దాని ఇంగ్లీషు అనువాదం 1857లో హక్లుయిట్ సొసైటీ వేసిన పుస్తకంలో ఉంది. నలభై పుటల లోపే. రెండుసార్లు చదివాను. విజయనగరం చుట్టుకొలత అరవై మైళ్ళు అని ఉంది. ఆయుధం పట్టగల మగవాళ్ళు తొంభై వేలమంది అని ఉంది. రాజుగారికి పన్నెండు వేలమంది భార్యలని కూడా ఉంది (నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం, ప్రాయశ్చిత్తంలో చెప్పిన మాట). తెలుగు ఇటాలియన్‌లా ఉంటుందన్న మాట మాత్రం లేదు.

మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, ఇటాలియన్ మాటలూ అంతే. పోలిక చెవికి తగులుతుంది, అందులో తప్పు లేదు. ఆ పోలిక నేను చేశానని చెప్పుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. దానికి అయిదు వందల ఏళ్ళ కిందటి తెల్లాయన సంతకం కావాలనుకోవడంతోనే వచ్చింది చిక్కు.

ఇలాంటిదే కాల్డ్వెల్‌గారి సంగతి. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన బిషప్పు. వినసొంపులో తెలుగు మిగతా ద్రావిడ భాషలన్నింటినీ మించిందని ఆయన నిజంగానే రాశాడు. పుట తెరిచి చూపించవచ్చు. మనవాళ్ళు చూపిస్తారు కూడా. అయితే అదే వాక్యంలో, ప్రాచీన సంస్కారంలో, పదసంపదలో తెలుగుది తమిళం తర్వాతి స్థానమనీ రాశాడు. ఆ ముక్క మన సభల్లో ఎప్పుడైనా విన్నారా? వేలు అడ్డం పెట్టి పుట చూపించడం, అసలు పుట చూపించకపోవడం కన్నా ఏం మెరుగో నాకు అర్థం కాదు.

"అయితే తెలుగు గొప్పది కాదంటావా?" అన్నారు పెద్దనాన్న, కర్రతో మంట ఎగదోస్తూ. చూశారా, ఇదీ మన అలవాటు. ఆధారం ఏదని అడిగితే, ఆ మాట కాదన్నట్టే లెక్క. పెళ్ళిచూపుల్లో జీతం చీటీ చూపించమన్నవాణ్ణి చూసినట్టు చూస్తారు. గొప్పదేనండీ. 'లెస్స' అని రాయలవారన్న మాటకి ఆముక్తమాల్యదలో పద్యం ఉంది. రాయలవారికి ముందే క్రీడాభిరామంలోనూ ఆ మాట ఉంది. అంత నిఖార్సయిన సరుకు ఇంట్లో పెట్టుకుని, కొంటి దగ్గరికి అప్పుకి పోవడమెందుకు?

మన భాషలో దీనికి ఎన్ని మాటలో చూడండి. ఆధారం, రుజువు, సాక్ష్యం, నిదర్శనం, దాఖలా. దాఖలా ఉర్దూలోంచి వచ్చింది, కచేరీ కాగితాల మాట. చిట్టాలో ఎక్కిందా లేదా అన్నదే ప్రశ్న. 'అలాంటి దాఖలాలు లేవు' అని పేపర్లో చదివినప్పుడల్లా నాకు మా తాతగారూ, పక్క చేను ఆసామీ గుర్తొస్తారు. ఇద్దరికీ మధ్య గట్టు తగాదా, ఇరవై ఏళ్ళు నడిచింది. మా చేను తుమ్మచెట్టు దాకా అని తాతగారు. తుమ్మచెట్టు మా నాన్న నాటిందే అని ఆయన. ఒకరికొకరు విభూతి పట్టుకుని ఒట్లు వేసుకున్నారు. పెళ్ళిళ్ళకి పిలుచుకోవడం మానేశారు. చివరికి విసిగి అర్జీ పెట్టుకుంటే సర్వేయరు వచ్చాడు. పటం తీశాడు, గొలుసు పరిపించాడు, పాత రాళ్ళు వెతికించాడు. మధ్యాహ్నానికి తేలిందేమిటంటే, చెట్టుతో సహా ఆ మూడు సెంట్లూ ఇద్దరివీ కావు. పోరంబోకు. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని గవర్నమెంటుని తిట్టారని మా నాయనమ్మ చెప్పేది.

కోర్టువాళ్ళ పద్ధతి నాకు అందుకే నచ్చుతుంది. ఉందన్నవాడే చూపించాలి. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉన్న ఈ సూత్రమే, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉంది. చూసిన సంగతికి చూసినవాడే వచ్చి చెప్పాలి, వాడు చెప్పగా విన్నాననే వాణ్ణి సాధారణంగా బోనెక్కించరు. మన రచ్చబండ దగ్గర వాడిదే పెద్ద గొంతు.

ఇక ప్రమాణం. ఈ మాటంటే నాకు ముచ్చట. తార్కికుడి నోట్లో ప్రమాణం అంటే నిజం తెలుసుకునే సాధనం. కళ్ళారా చూడటం ప్రత్యక్షం, గుర్తుని బట్టి ఊహించడం అనుమానం, తెలిసినదానితో పోల్చుకోవడం ఉపమానం, నమ్మదగినవాడి మాట శబ్దం. నైయాయికులు ఒప్పుకున్నవి ఈ నాలుగు. అదే మాట మనవాళ్ళ నోట్లోకొచ్చేసరికి ఒట్టు అయి కూర్చుంది. చిత్తూరు జిల్లా కాణిపాకం వినాయకుడి ఎదుట ప్రమాణం చేసి అబద్ధమాడితే ఆయన ఊరుకోడని నమ్మకం. ఊళ్ళో దొంగతనాలూ అప్పుల తగాదాలూ అక్కడికి వెళ్ళి తేల్చుకున్నవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. కాగితమూ సాక్షీ లేని పేదవాళ్ళకి ఆ దేవుడు ఒక దారి, దాన్ని నేను తేలిగ్గా తీసిపారెయ్యను. కానీ ఫైళ్ళున్నవాళ్ళూ, లెక్కలున్నవాళ్ళూ, అధికారం ఉన్నవాళ్ళూ, "దమ్ముంటే కాణిపాకం రా, ప్రమాణం చేద్దాం" అని మైకుల్లో సవాళ్ళు విసురుకుంటారు చూడండి, అక్కడ నాకు నవ్వొస్తుంది. ఏ పార్టీ అని అడక్కండి, అన్నీను. టెండరు కాగితం చూపిస్తే అయిపోయేదానికి వినాయకుణ్ణి నిద్రలేపడం దేనికి?

సరే, ఆధారం దొరికిందే అనుకుందాం. దొరికిందంటే అయిపోయినట్టేనా? బమ్మెర పోతన ఏ ఊరివాడన్న పేచీ మీకు తెలిసే ఉంటుంది. ఓరుగల్లు దగ్గర బమ్మెర అని ఒక పక్షం, కడప సీమలో ఒంటిమిట్ట అని మరో పక్షం. ఆయన రాసుకున్న ఏకశిలానగరం అన్న పేరు పట్టుకుని ఎన్ని వ్యాసాలొచ్చాయో. ఏకశిల అంటే ఒక రాయి. ఓరుగల్లు అంటే ఒరు కల్లు, ఒక రాయి, చూశారా మాదే అని వీళ్ళు. ఒంటిమిట్టలో ఒంటి ఉంది, ఏకశిల ఉంది, మాదే అని వాళ్ళు. కుర్రతనంలో నేను రెండు వైపుల వ్యాసాలూ చదివి, చదివిన ప్రతిసారీ ఆ పక్షానికి మారిపోయేవాణ్ణి. ఇప్పుడు తోచేదేమిటంటే, రెండు తలుపులకీ పట్టే తాళంచెవిని చూపించి ఇది మా ఇంటిదే అంటే చెల్లదు. ఇంకో తలుపుకి పట్టనిది చూపించాలి. అలా చూసుకుంటే ఆయన ఇంటిపేరుగా మోసిన బమ్మెర, అదే పేరుతో ఇవాళ్టికీ ఉన్న ఊరు, నాకు కాస్త బరువుగా కనిపిస్తాయి. ఒంటిమిట్ట మిత్రులు నన్ను మన్నించాలి, వాళ్ళ గుళ్ళో ప్రసాదం మీద నాకు ఏ అనుమానమూ లేదు.

మంట తగ్గింది, ఇంకో రెండు డొక్కలు వెయ్యండి. ఇప్పుడు నాకు ఇష్టమైన మనిషి గురించి.

ఆధారాలతో వాదించడమంటే ఎలా ఉంటుందో చూడాలంటే మన భాషలో గిడుగు రామమూర్తి పంతులుగారిని మించి ఎవరూ లేరు. 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో మాస్టారు. శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకుని ముఖలింగం గుడి రాళ్ళు చదివారు. కొండల్లోని సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కట్టారు. కొండజ్వరానికి మింగిన క్వినైను వల్ల చెవులు పోయాయి. ఆ చెవుడుతోనే తర్వాత ముప్పై ఏళ్ళు తెలుగు దేశంలోకెల్లా పెద్ద వాదన నడిపారు.

వాదన ఏమిటో మీకు తెలుసు. బళ్ళో పిల్లలు ఏ తెలుగు రాయాలి? ఎవరూ మాట్లాడని గ్రాంథికమా, చదువుకున్నవాళ్ళు మాట్లాడుకునే వ్యావహారికమా? అవతల పక్షం పండితులు 'అది గ్రామ్యం, పెద్దలు ఎన్నడూ రాయలేదు' అన్నారు. ఇది పట్టుకోవడానికి వీలైన మాట, రాశారో లేదో వెతకవచ్చు. గిడుగువారు వెతికారు. పాత టీకలు, వ్యాఖ్యానాలు, వచనాలు, శాసనాలు, తాళపత్రాలు గాలించి, పెద్దలు వాడుక భాష రాసిన చోటల్లా ఎత్తి రాసుకున్నారు. అలా పోగైందే గద్యచింతామణి. గ్రాంథికమే సుబద్ధమన్నవాళ్ళ పుస్తకాలే తీసి, వాళ్ళ వ్యాకరణం ప్రకారమే వాళ్ళు చేసిన తప్పులు ఎత్తి చూపించారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అని దానికి పేరు. వైద్యుడికే మందు ఇవ్వడం! సభల్లో గంటల తరబడి నిలబడి, పుస్తకాల దొంతర పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటే తెరిచి చదివి వినిపించేవారు.

మన పండితులకి ఈ అలవాటు కొత్తదీ కాదు. లక్షణం అంటే సూత్రం, లక్ష్యం అంటే దానికి పెద్దల రచనల్లో దొరికే ఉదాహరణ. సూత్రం చెప్పినవాణ్ణి 'లక్ష్యం ఏదీ?' అని అడిగే హక్కు శిష్యుడికీ ఉంది. అవధానంలో అనుమానం వచ్చిన పృచ్ఛకుడు ఈనాటికీ 'ప్రయోగం చూపించండి' అంటాడు. గిడుగువారు చేసిందల్లా ఆ పాత ప్రశ్ననే పండితుల మీదికి తిప్పడం.

అవతలివాళ్ళని ఎగతాళి చేసే ఉద్దేశం నాకు లేదు. గ్రాంథిక పక్షానికి పెద్ద అయిన జయంతి రామయ్య పంతులుగారు కూడా ఆధారాల మనిషే. తెలుగు శాసనాలు సంపుటంగా పరిష్కరించారు. మాట మాటకీ కవిప్రయోగం చూపించే సూర్యరాయాంధ్ర నిఘంటువు వెనక ఆయన చెయ్యి ఉంది. 1913లో గిడుగువారు ఇటు నుంచి ఒక విజ్ఞాపన అచ్చువేస్తే, అటు నుంచి రామయ్య పంతులుగారు ఒక సమర్థన అచ్చువేశారు. రెంటిలోనూ తిట్లు ఉన్నాయి, కానీ పుట నంబర్లూ ఉన్నాయి. ఇప్పటి వాదనల్లో తిట్లు మాత్రం మిగిలాయి.

వెంటనే నెగ్గారా? లేదు. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో మొగ్గు గ్రాంథికం వైపే ఉంటే, గురజాడవారు 1914లో అసమ్మతి పత్రం రాసి ఇవ్వాల్సొచ్చింది. మరుసటేడు ఆయన పోయారు. వీరేశలింగంగారు మొదట గ్రాంథికం వైపు ఉండి, చివరికి 1919లో వాడుక భాష కోసం పెట్టిన సమాజానికి అధ్యక్షులయ్యారు. అప్పటికి డెబ్భై దాటాయి, కొన్ని నెలల్లో పోయారు. ఆ వయసులో, అంత పేరున్నవాడు, ఇన్నాళ్ళూ అనుకున్నది మార్చుకోవడం చిన్న విషయం కాదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే వాళ్ళ మధ్య, కుందేలుని కిందపెట్టి మళ్ళీ లెక్కపెట్టుకున్న మనిషి.

మావాడు ఫోను జేబులో పెట్టాడు. "బాబాయ్, భాష సంగతైతే తప్పు చెప్పినా ఎవరికీ నష్టం లేదు కదా" అన్నాడు.

అదీ నిజమే. నష్టం ఉన్న సంగతి ఒకటి చెప్పాను వాడికి. 2021 మే నెల గుర్తుందా? ఆస్పత్రిలో మంచం దొరకని రోజులు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనాకి ఆకుమందు ఇస్తున్నారని విని వేలమంది బారులు తీరారు. చివరికి ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతా మందుకి అనుమతి ఇచ్చింది. నేను వెళ్ళినవాళ్ళని తప్పు పట్టను. ఊపిరి అందని తండ్రిని పక్కన పెట్టుకుని ఎవరూ తర్కశాస్త్రం చదవరు. అప్పుడు ఫోన్లన్నీ ఒకే రకం వీడియోలు. 'మా బావమరిదికి తగ్గింది', 'నాకు తగ్గింది', వాళ్ళు అబద్ధం చెప్పలేదు. కానీ ఆ జబ్బు సోకినవాళ్ళలో ఎక్కువమందికి ఏ మందూ లేకపోయినా తగ్గుతుంది. తగ్గినవాళ్ళు వీడియోలో మాట్లాడతారు, పోయినవాళ్ళు మాట్లాడరు. మరి మందు వల్ల తగ్గిందో, దానంతటదే తగ్గిందో ఎలా తెలియడం? మందు ఇచ్చినవాళ్ళనీ ఇవ్వనివాళ్ళనీ చీట్లు తీసినట్టు విడదీసి, రెండు గుంపుల్నీ లెక్కపెట్టాలి. వేరే దారి లేదు.

ఆకుమందునే అంటున్నాననుకోకండి. అంతకు ముందు ఏడాది హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే ఇంగ్లీషు మందు కోసం ప్రపంచమంతా కొట్టుకుంది. పెద్ద పెద్ద నాయకులే సిఫారసు చేశారు. 2020 జూన్‌లో ఇంగ్లండులో వేలమంది రోగుల మీద అలా గుంపులు విడదీసి లెక్క చూస్తే, ఆస్పత్రిలో చేరినవాళ్ళకి దాని వల్ల లాభం లేదని తేలింది. అదే లెక్కలో, ఎవరూ పెద్దగా పట్టించుకోని డెక్సామెథసోన్ అనే చవక మందు, వెంటిలేటరు మీదున్నవాళ్ళలో మూడో వంతు చావుల్ని తగ్గిస్తోందని బయటపడింది. మా వీధి చివర మందుల కొట్లో ఎప్పట్నుంచో పడున్న మాత్ర అది.

పెద్దనాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆ మే నెలలో మా ఇంట్లో ఒకరు పోయారు. ఆ సంగతి ఇక్కడ వద్దు.

చలి ముదిరింది. మంచు దిగడం మొదలై, వీధిలైటు చుట్టూ తెల్లగా పట్టింది. "అదిగో పొగ" అన్నాడు మావాడు, కావాలనే, నన్ను చూసి నవ్వుతూ. ఇంతలో గుమ్మని నేతి వాసన. పెద్దనాన్న ముక్కు ఎగబీల్చి, "మీ పెద్దమ్మ అరిసెలు మొదలుపెట్టింది. ఇదేం ప్రమాణంరా?" అన్నారు.

"అనుమానం" అన్నాను.

"నాకు ఏ అనుమానమూ లేదు, పదండి" అని ఆయన పీట చంకన పెట్టుకుని లేచారు. ముగ్గురం చేతులు దులుపుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళాం. పొయ్యి చల్లగా ఉంది. పెద్దమ్మ పిండి జల్లించుకుంటోంది.

"ఆ వాసన పక్కింటిది," అంది తలెత్తకుండా.